తెర బాగుపడింది, తెలుగు ఇంకా ఇమడలేదు

రాజమండ్రిలోనో అమలాపురంలోనో పుస్తకాలు చదివే పరికరం, ఈ-రీడర్, కొన్నవారు ఆర్నెల్లకే దాన్ని బీరువాలో పెట్టేస్తే, తప్పు తెరది కాదు. సరైన రూపంలో తెలుగు పుస్తకం దొరకదు, దొరికింది ఆ తెరలో పట్టదు.

తెర సమస్య ఎప్పుడో తీరింది. 1997లో మొదలైన ఈ-ఇంక్ సంస్థ సూక్ష్మమైన గుళికల్లో తెల్ల, నల్ల రేణువులు నింపింది. కరెంటు తాకితే రేణువులు పైకీ కిందికీ కదులుతాయి, ఆపైన బొమ్మ నిలవడానికి కరెంటు అక్కర్లేదు. ఆ తెరతో 2004లో సోనీ లిబ్రియే, 2007లో అమెజాన్ కిండిల్ రీడర్లు వచ్చాయి. తొలి కిండిల్‌లో అంగుళానికి 167 చుక్కలే. అంత తక్కువైతే ఒత్తులు అలికినట్టు ఉంటాయి. 2014లో కిండిల్ వోయేజ్‌తో అది 300కి చేరింది.

అక్షరాల సంగతి వేరు. ‘స్త్రీ’ కంప్యూటర్‌కు ఆరు సంకేతాల వరుస. వాటిని కలిపి ఒక్క రూపుగా పేర్చే ఏర్పాటు రీడర్‌లో లేకపోతే పొల్లులు, గుడులు విడివిడిగా తేలతాయి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి అయిదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు.

నెపం వాళ్ల మీదికే నెట్టడం సరికాదు. మన ప్రెస్సుల్లో ఏళ్ల తరబడి డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లతోనే. ఆ ఫైల్లో ఉండేది ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తలకట్ల, ఒత్తుల ముక్కలు. ఫాంటు తీసేస్తే మిగిలేది చెత్తే. ఏ కంప్యూటర్‌లోనైనా ఒక్కో అక్షరానికి ఒకే సంకేతం ఉండే యూనికోడ్ పద్ధతిలో తెలుగు 1991 నుంచీ ఉంది. మన గోదావరి పాయ పేరున్న గౌతమి ఫాంటు విండోస్ ఎక్స్‌పీతోనే వచ్చింది. అచ్చుకు అవసరం పడలేదు కనుక ప్రెస్సులు మారలేదు. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నా కొన్ని ఒత్తులు పక్క అక్షరానికి అతుక్కుంటాయి, ప్రూఫులు మొదటి నుంచీ దిద్దాలి.

పాత పుస్తకాలైతే చాలావరకు స్కాన్ పీడీఎఫ్‌లే. డెమ్మీ సైజు పుస్తకం పేజీ సుమారు 14 × 21.5 సెంటీమీటర్లు, ఆరంగుళాల తెర 9 × 12. పేజీ మొత్తం పట్టిస్తే అక్షరం అచ్చు సైజులో సగానికి కాస్త పైన ఉంటుంది. అంచులు కత్తిరిస్తే డెబ్బై శాతం దాకా వస్తుంది. రీడర్‌ను అడ్డంగా తిప్పి పేజీని రెండు మూడు ముక్కలుగా చదివితే అచ్చు కన్నా పెద్దదే. పసుపెక్కిన కాగితం బూడిద మరకలా వస్తే కాంట్రాస్ట్ పెంచాలి. కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇవన్నీ చేస్తుంది. కోబో రీడర్లలో తేలిగ్గా ఎక్కుతుంది, కిండిల్‌కైతే ముందు కంపెనీ వేసిన సాఫ్ట్‌వేర్ తాళం పగలగొట్టాలి. యూనికోడ్‌లో ఉన్న ఈపబ్ (తెరకు తగ్గట్టు సర్దుకునే ఈ-పుస్తకం ఫైలు) దొరికితే మండలి లేదా నోటో ఫాంటు వేసి, ఒత్తులు కింది వరుసను తాకకుండా వరుసల ఎడం 1.5 ఉంచితే సరి.

డెల్టా వాతావరణం మరో తలనొప్పి. అంతర్వేది వైపు ఉప్పుగాలికి చార్జింగ్ పిన్ను పచ్చబడుతుంది; తడిగా ఉండగా చార్జింగ్ పెడితే ఇంకా త్వరగా. వరదల రోజుల్లో వాడకుండా పక్కన పెట్టాల్సివస్తే బ్యాటరీ సగం నింపి ఉంచాలి, సున్నాకు పోయి నెలలు పడుంటే మళ్లీ లేవకపోవచ్చు. సంచిలో నొక్కుకుంటే పైన గీత కూడా పడదు గానీ లోపలి గాజు పగిలి సగం పేజీ కదలకుండా ఉండిపోతుంది. తెర మార్చే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరపడుతుంది.

బ్యాటరీ బాధకు విరుగుడు ఐరోపా నుంచి రావచ్చు: అక్కడ 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీని వాడేవారే మార్చుకోగలిగేలా ఉండాలన్నది చట్టం. రంగుల తెరల హడావుడి మాత్రం మన నవలలకు అనవసరం. కలీడో 3 అనే రంగుల ఈ-ఇంక్ తెరలో రంగు అంగుళానికి 150 చుక్కలే, పైగా రంగుల పొర వల్ల తెల్లదనం తగ్గుతుంది. ఇప్పుడు పుస్తకం అచ్చు వేయించేవారు చేయగలిగిన పని ఒకటుంది: డీటీపీకి ఇచ్చే రోజే యూనికోడ్‌లో కూర్చమని చెప్పి, పీడీఎఫ్‌తో పాటు ఆ ఫైలు కూడా అడిగి తీసుకోవడం.