స్టీలు తూటా చవక వెనుక కథ

వేళచ్చేరి వైపు ఉన్న ఒక షూటింగ్ రేంజ్‌కి ఆదివారాలు మా అమ్మాయిని తీసుకెళ్తుంటాను. అక్కడికొచ్చే పిల్లల్లో తెలుగిళ్ల వాళ్లు బాగానే ఉంటారు. తాతల కాలంలో నెల్లూరు నుంచి వ్యాపారానికొచ్చి చెన్నైలో స్థిరపడినవాళ్లు కొందరు, ఐటీ ఉద్యోగాలకు వచ్చినవాళ్లు కొందరు. పోయిన నెలలో వాళ్లలో ఒక పదో తరగతి కుర్రాడు ఫోన్ తెచ్చి నాకొక వీడియో చూపించాడు.

"అంకుల్, మా బావ టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ స్టీలు తూటాలు డబ్బాలకు డబ్బాలు కొని ప్రాక్టీసుకి కాల్చేస్తున్నారు. ఇత్తడి వాటికంటే బాగా చవకంట. మనకెందుకు దొరకవు?"

పక్కనే ఉన్న వాళ్ల నాన్నగారు, "అదేదో కాస్త చెప్పండి సార్, నెలయ్యేసరికి వీడి తూటాల లెక్క చూస్తే నాకు టెన్షన్ వస్తోంది" అన్నారు.

ఆ తండ్రి బాధ నాకు బాగా తెలుసు, నాదీ అదే బాధ. ఆ రోజు నిలబడి రెండు మాటల్లో చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందొక తికమక తీర్చాలి. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ముందుకు దూసుకుపోయే గుండు, దాన్ని తోసే మందు, మందును అంటించే ప్రైమర్, ఈ మూడింటినీ పట్టి ఉంచే షెల్. ఆ కుర్రాడి వీడియోలో ఉన్నది షెల్ ఉక్కుతో చేసిన తూటా. గుండు పైతొడుగును మెత్తని ఉక్కుతో చేసి రాగి పూసిన రకం ఇంకొకటి ఉంది. గుండు లోపల ఉక్కు ముక్క పెట్టిన రకం మరొకటి. ఈ మూడూ వేర్వేరు. మూడింటినీ 'స్టీలు తూటా' అనేయడం వల్ల వాదనల్లో చాలా భాగం గాల్లోనే జరుగుతుంది.

మన దేశంలో తూటా అంటే చాలామందికి 1857 గుర్తొస్తుంది. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా కాగితంతో చేసినది. దాన్ని పంటితో కొరికి చింపాలి. దానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట సిపాయిల్లో పాకి మంటయింది. ఆ తూటాకి లోహపు షెల్ అనేదే లేదు. మరో పదేళ్లు తిరక్కుండానే సైన్యాల్లోకి లోహపు తూటాలు వచ్చేశాయి. 1866లో ఇంగ్లండులో బాక్సర్, అమెరికాలో బెర్డన్ ఎవరికి వారు కొత్త రకం ప్రైమర్లు తయారుచేశారు. విచిత్రంగా ఇంగ్లిషు బాక్సర్ పద్ధతి అమెరికాలో నిలబడింది, అమెరికన్ బెర్డన్ పద్ధతి యూరప్‌కీ రష్యాకీ వెళ్లింది. ఈ విషయం తర్వాత మళ్లీ పనికొస్తుంది.

షెల్‌కి ఇత్తడే ఎందుకు? నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిపిన ఇత్తడిని చిన్న గిన్నెలా వత్తి, మళ్లీ మళ్లీ లాగి పొడవాటి గొట్టంగా చేయవచ్చు. మన కంచరివాళ్లు బిందె కొట్టేటప్పుడు నడుమనడుమ కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారే, తూటాల ఫ్యాక్టరీలోనూ అదే పని. కాల్చకుండా సాగదీస్తే లోహం గట్టిపడి పగులుతుంది.

అసలు గొప్పతనం తుపాకి పేలేటప్పుడు కనిపిస్తుంది. మందు మండగానే షెల్ ఉబ్బి, తుపాకిలో తూటా కూర్చునే ఛాంబర్ గోడకు అతుక్కుంటుంది, వేడి వాయువు వెనక్కి రాకుండా ఆపుతుంది. గుండు బయటికి పోయి ఒత్తిడి తగ్గగానే మళ్లీ కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి సులువుగా బయటికొస్తుంది. ఉబ్బాలి, వెంటనే తగ్గాలి. ఇత్తడికి ఈ రెండూ బాగా చేతనవుతాయి. ఉక్కు బిగువు ఇత్తడికి దాదాపు రెట్టింపు. అందుకే ఉక్కు గోడకు అంత బాగా అతుక్కోదు, అతుక్కుంటే అంత బాగా ముడుచుకోదు.

ఇత్తడికీ ఒక జబ్బుంది. ఆ జబ్బు బయటపడింది మన దేశంలోనే. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ ఇండియా సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక తీసి చూస్తే, ఎవరూ ముట్టుకోని షెల్స్‌కి పగుళ్లు! వానల సీజన్లో వచ్చే పగుళ్లు కాబట్టి దానికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు పెట్టారు. అసలు కారణం తేలడానికి 1921 దాకా పట్టింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, లోహాన్ని సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి ఇత్తడిని చీల్చేస్తున్నాయని మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు తేల్చారు. చివర్లో ఇంకోసారి సన్నని వేడి తగిలిస్తే ఆ బిగువు పోతుంది. మన వానలు, మన గుర్రపుశాలలు ప్రపంచ లోహశాస్త్రానికి ఒక పాఠం నేర్పాయన్న సంగతి మా రేంజ్‌లో పిల్లలందరికీ చెబుతుంటాను.

సరే, ఇంత మంచి ఇత్తడిని వదిలి ఉక్కు వైపు ఎందుకు వెళ్లారు? రాగి దొరక్క.

రెండో ప్రపంచ యుద్ధంలో రాగికి ఎంత కరువొచ్చిందో మన ఇళ్లలో పాత నాణేలే చెబుతాయి. 1943 నుంచి ముద్రించిన కానీకి నడుమ పెద్ద చిల్లు ఉంటుంది, లోహం మిగల్చడానికి. మా అమ్మమ్మ పోపుల డబ్బాలో అలాంటివి నాలుగైదు ఉండేవి. అదే 1943లో అమెరికా తన ఒక సెంటు నాణేన్ని రాగి మానేసి, జింకు పూసిన ఉక్కుతో ముద్రించింది. మిగిలిన రాగి తూటాలకు, ఫిరంగి గుళ్లకు పోయింది. అదీ చాలలేదు. జర్మనీ తన రైఫిల్ తూటాలకు ఉక్కు షెల్స్ చేసి, తుప్పు పట్టకుండా లాకర్ అనే వార్నిష్ లాంటి పూత పూసింది. అమెరికాలో ఇండియానా రాష్ట్రం ఇవాన్స్‌విల్‌లో క్రైస్లర్ కార్ల ఫ్యాక్టరీని తూటాల ఫ్యాక్టరీగా మార్చి, .45 పిస్తోలు తూటాలు 300 కోట్లకు పైగా చేశారు. వాటిలో ఎక్కువ భాగం ఉక్కువే. యుద్ధం అయిపోగానే అమెరికా మళ్లీ ఇత్తడికి వెళ్లిపోయింది.

సోవియట్ యూనియన్ మాత్రం వెనక్కి వెళ్లలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే. 1943లో వాళ్లు రూపొందించిన 7.62×39 తూటా, తర్వాత ఏకే-47కి వాడినది, మొదటి నుంచి కొంచెం శంకువు ఆకారంలో ఉంటుంది. వెనుక లావు, ముందుకు పోయేకొద్దీ సన్నం. అలాంటి షెల్ గోడ నుంచి విడిపోవడం మొదలుపెడితే వెంటనే వదులవుతుంది, మేకు పీకినట్టు చివరిదాకా ఒరుసుకుంటూ రానక్కర్లేదు. ఉక్కుకున్న లోపాన్ని ఆకారం కొంత కప్పేసింది. పైన మొదట రాగి పూత, తర్వాత లాకర్, ఈ మధ్య పాలిమర్. తూలా, బర్నౌల్ లాంటి చోట్ల ఫ్యాక్టరీలు దశాబ్దాలపాటు ఇవే తయారుచేశాయి. చవకదనం ఇక్కడే పుట్టింది. రాగి కంటే ఉక్కు ధర తక్కువ, ఫ్యాక్టరీలు సైన్యం కోసం ముందే కట్టి ఉన్నాయి, చేసే సంఖ్య లెక్కలేనంత.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఈ సరుకు అమెరికా మార్కెట్లోకి వచ్చిపడింది. సరదాగా డబ్బాల మీద, రేకుల మీద కాల్చేవాళ్లకు పండగైంది. అప్పటినుంచే ఈ వాదన కూడా: స్టీలు కాలిస్తే తుపాకి పాడవుతుందా, పాడవదా?

దీనికి తెలిసినంత సూటి సమాధానం 2013లో వచ్చింది. అక్కడి ఒక తూటాల వ్యాపార సంస్థ నాలుగు ఒకే రకం రైఫిళ్లు తీసుకుంది. ఒకదానికి ఇత్తడివి, మూడింటికి మూడు రకాల ఉక్కువి, ఒక్కోదానికి 10,000 చొప్పున కాల్చాలని పెట్టుకుంది. బ్యారెళ్లు బాగా వేడెక్కేంత వేగంగా కాల్చారు. మూడింటిలో రెండు ఉక్కు రకాలు కాల్చిన బ్యారెళ్లు దాదాపు 6,000 నాటికే అరిగిపోయి గురి చెదిరింది. ఇత్తడి కాల్చిన బ్యారెల్ 10,000 తర్వాత కూడా పనికొచ్చేలా ఉంది. అయితే అరిగించింది షెల్ కాదు. ఆ చవక తూటాల గుండుకున్న ఉక్కు తొడుగు, రాగి పూత పలుచగా ఉండటం వల్ల, బ్యారెల్ లోపలి గాడులను ఆకురాయిలా గీకేసింది. షెల్ చేసే హాని వేరు. గోడకు సరిగ్గా అతుక్కోదు కాబట్టి మసి ఛాంబర్లోకి చేరుతుంది. ఆ మసి మీద ఇత్తడి తూటా పెడితే అది ఇరుక్కుంటుంది. లాకర్ కరిగి అతుక్కుంటుందని చాలామంది చెబుతారు గానీ, దోషం మసిదే.

ఆ సంస్థే ఇంకో లెక్క కూడా వేసింది: తూటాల్లో మిగిలే డబ్బుతో కొత్త బ్యారెల్ కొన్నా అక్కడ లాభమే. నేను ఆ కుర్రాడికి చెప్పాల్సిన అసలు మాట ఇక్కడుంది. బ్యారెల్ అంగట్లో దొరికే వస్తువైన చోట ఆ లెక్క సరిపోతుంది. మన దగ్గర బ్యారెల్ కూడా ఆయుధ చట్టం కిందికే వస్తుంది. ఒక పిల్లాడి రైఫిల్ బ్యారెల్ అరిగిందంటే కొత్తది రావడానికి ఎన్ని కాగితాలు, ఎన్ని నెలలు పడతాయో ఈ ఆటలో ఉన్న ప్రతి కుటుంబానికీ తెలుసు.

టెక్సాస్ బావకి కూడా ఆ చవక ఎక్కువ కాలం నిలిచేది కాదు. 2014లో అమెరికా 5.45 మిల్లీమీటర్ల రష్యన్ సైనిక మిగులు తూటాల దిగుమతి ఆపింది. 2021 సెప్టెంబరు నుంచి రష్యా తూటాలకు కొత్త దిగుమతి పర్మిట్లు ఇవ్వడం మానేసింది. కారణం రష్యా ప్రతిపక్ష నేత నవాల్నీ మీద విషప్రయోగం. రాగి కరువుతో పుట్టిన సరుకు రాజకీయంతో తగ్గిపోయింది.

ఇక మన సంగతి. 1878 ఆయుధ చట్టంతో బ్రిటిష్ వాళ్లు భారతీయుల చేతిలో తుపాకి ఉండాలంటే లైసెన్సు తప్పనిసరి చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చినా, అనుమతి లేకుండా ఏదీ వద్దన్న పద్ధతి అలాగే ఉంది. సైన్యం వాడే బోర్లు, అంటే ఆ కొలతల తుపాకులు, తూటాలు, పౌరులకు నిషిద్ధం. ఆ కుర్రాడు వీడియోలో చూసిన ఏకే తూటా ఇత్తడిదైనా, ఉక్కుదైనా, బంగారందైనా మన రేంజ్‌లోకి రాదు. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు తెప్పించుకునే వీలు లేదు, పోటీల్లో రాణించిన షూటర్లకు మాత్రం సడలింపు ఉంది. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి, షూటర్లకు అక్కడా మినహాయింపు ఇచ్చారు. అమెరికాలో చాలామంది ఖాళీ ఇత్తడి షెల్‌ని ఏరుకొచ్చి ఇంట్లో మళ్లీ నింపుకుంటారు. బాక్సర్ ప్రైమర్ అందుకు సులువు, స్టీలు తూటాల్లో ఎక్కువగా ఉండే బెర్డన్ ప్రైమర్ కష్టం. మనకు తూటా తయారీకే లైసెన్సు కావాలి కాబట్టి ఆ ఆదా కూడా లేదు.

చెన్నైలో ఇంకో చిక్కు ఉప్పుగాలి. లాకర్ మీద గీత పడితే చాలు, ఉక్కు షెల్‌కి తుప్పు మొదలవుతుంది. మా వంటింటి కిటికీ కమ్మీలే ఏడాదికోసారి రంగు వేయకపోతే నిలవవు.

మన పిల్లలు కాల్చేది .22 అనే చిన్న తూటా. మనలో చాలామంది దాన్ని మొదట ఎన్‌సీసీలో చూసి ఉంటాం: చాప మీద బోర్లా పడుకోవడం, ఐదు తూటాలు, కాల్చాక ఖాళీ షెల్స్ లెక్కపెట్టి అప్పజెప్పడం. పుణె దగ్గర ఖడ్కీలో 1869లో మొదలైన తూటాల ఫ్యాక్టరీ ఈ .22 చేస్తుంది. పిల్లలు నేర్చుకోవడానికి అది పనికొస్తుంది. పోటీకి మాత్రం ఇంగ్లండు, జర్మనీ, ఫిన్లాండు సరుకు కోసం చూస్తారు. ఎందుకంటే 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డం 10.4 మిల్లీమీటర్లే. తూటాకి తూటాకి వేగం కొద్దిగా మారినా దెబ్బ తొమ్మిదిలో పడుతుంది. అందుకే పెద్ద షూటర్లు ఒక్కో బ్యాచ్ తూటాలను తమ బ్యారెల్‌తో కాల్చి చూసి, నప్పిన బ్యాచ్‌నే కొనుక్కుంటారు. రేకు డబ్బాను పడగొట్టే ప్రాక్టీసు, ఈ ప్రాక్టీసు పేరుకే ఒకటి. స్టీలు తూటా రేపు ఉచితంగా ఇచ్చినా మా అమ్మాయికి పనికిరాదు.

మన పిల్లలకు కావాల్సింది ఖడ్కీ .22 పోటీకి నిలబడేంత నాణ్యంగా రావడం. 2021లో ఆ ఫ్యాక్టరీ మ్యూనిషన్స్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కిందికి వెళ్లింది. సైన్యానికి కోట్లలో చేసేవాళ్లకు పిల్లల కోసం ఒక మంచి బ్యాచ్ చేయడం చేతకాని పని కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అప్పటిదాకా చవక దారి ఎయిర్ రైఫిల్. 2016 నియమాల ప్రకారం 10 మీటర్ల పోటీలకు వాడే .177 ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. దానికి షెల్ లేదు, మందు లేదు. 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్, వెనక గాలి ఒత్తిడి, అంతే. టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది ఈ రైఫిల్‌తోనే.

పోయిన ఆదివారం ఇదంతా ఆ తండ్రీకొడుకులకు చెప్పాను. కుర్రాడు కాసేపు ఆలోచించి, "అయితే ఖాళీగా ట్రిగ్గర్ నొక్కే ప్రాక్టీసు ఎక్కువ చేస్తాను అంకుల్, దానికి ఖర్చు లేదుగా" అన్నాడు. వాళ్లింట్లో ఇప్పుడు హాలు గోడ మీద, పది మీటర్ల దూరానికి సరిపోయేలా చిన్నది చేసిన ఒక నల్ల చుక్క అతికించి ఉంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక అరగంట దాని ముందు నిలబడుతున్నాడని వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి చెప్పారు.