తాత పెట్టెలో దొరికిన పనిముట్టు ఎన్నేళ్లది? అపోహలు - వాస్తవాలు

వడ్రంగం చేస్తూ పాత పనిముట్లు బాగుచేసి ఇస్తుంటా, అందుకని "మా తాతది అన్నా, వందేళ్లు ఉంటదా?" అంటూ ఫోటోలు వస్తూనే ఉంటాయి. ఎక్కువమంది పొరబడేవి రాస్తున్నా.

అపోహ: ఎంత తుప్పు పడితే అంత పాతది.

కానే కాదు. మచిలీపట్నం వైపు ఉప్పుగాలికి రెండు వానాకాలాలు పెరట్లో పడుంటే కొత్త ఉలి కూడా గుల్లైపోతుంది, అదే అనంతపురంలో అటక మీద నూనెగుడ్డ చుట్టి పెట్టింది మూడు తరాలైనా చెక్కు చెదరదు.

అపోహ: మీద ఏ సంవత్సరం ఉంటే అప్పుడు చేసిందే.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. స్పియర్ అండ్ జాక్సన్ రంపం మీద 1760 అని ఉంటుంది, అది షెఫీల్డ్‌లో ఆ కంపెనీ పుట్టిన సంవత్సరం, మొన్న మొన్న చేసిన వాటి మీదా కనబడుతుంది. స్టాన్లీ చిత్రిక (చెక్క నునుపు చేసేది, తెలంగాణలో రందా అంటాం) దిమ్మ మీద 1910 ఏప్రిల్ 19 అని పోతలోనే వచ్చుంటే అది పేటెంట్ తారీఖు, అంటే అంతకు ముందుది కాదని తెలుస్తుంది, అంతే. స్టాన్లీ అమెరికా కంపెనీ, ఇంగ్లాండ్‌లో చిత్రికలు చేయడం మొదలెట్టింది 1930ల చివర్లో, కాబట్టి "మేడ్ ఇన్ ఇంగ్లాండ్" అని ఉన్న స్టాన్లీ చిత్రికని ముత్తాత 1915లో కొన్నాడంటే కుదరదు. ఈ మాట చెప్పాలంటే నాకూ బాధే, కానీ ముత్తాత కొనకపోయినా తాత చేతిలో అరిగిందే కదా.

అపోహ: పనిముట్టు మీద "కాస్ట్ స్టీల్" అని ముద్ర ఉంటే పోత ఇనుము, చవక రకం.

పూర్తిగా రివర్స్. అది మూసలో కరిగించిన మంచి ఉక్కు, షెఫీల్డ్‌లో 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మొదలెట్టిన పద్ధతి. మూస ఉక్కు మన నిజామాబాద్ దగ్గర కోనసముద్రంలో అంతకంటే ముందే చేసేవాళ్లు, దానికోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవాళ్లు, ఈ సంగతి మనవాళ్లకే తెలియకపోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఉలి మీద ఆ ముద్ర ఉంటే అస్సలు పారేయొద్దు.

అపోహ: ముద్ర లేకపోతే ఏమీ చెప్పలేం.

ఊరి కమ్మరి చేసినదానికి ముద్ర ఎక్కడుంటుంది? పోయిన నెల ఒకబ్బాయి తోట పని పార అనుకుని ఒకటి తెచ్చాడు. చూస్తే బాడిస, చెక్క చెక్కే పనిముట్టు. పదును లోపలికి, అంటే పిడి వైపుకి పట్టి ఉంది, మట్టి తవ్వేదానికి అంత సన్నటి పదును ఎవరూ పెట్టరు. కిరసనాయిలు గుడ్డతో అంచు తుడిచి ఎండలో ఏటవాలుగా పట్టుకుంటే సన్నటి గీత కనబడింది, గీతకి ఇటు మెత్తటి ఇనుము, అటు కొలిమిలో అతికించిన ఉక్కు. అలాగే రంపం పళ్లు పిడి వైపుకి వాలి ఉంటే ఎవరో తప్పుగా అరగదీశారనుకోకండి, మనవాళ్లు కింద కూర్చుని కాలితో చెక్క అదిమిపట్టి లాగి కోసేవాళ్లు, ఆ రంపం అందుకు చేసిందే.

అపోహ: ముందు మెరిసేలా క్లీన్ చేయించాలి.

దయచేసి గ్రైండర్ పెట్టించకండి. ఒకసారి నేనే ఒక షాపుకి ఉలి ఇస్తే వైరు బ్రష్‌తో గీకి సగం ముద్ర లేపేశారు, మిగిలిన మూడక్షరాలతో ఎవరు చేశారో ఇప్పటికీ తేల్చలేకపోయా. కిరసనాయిలు, మెత్తటి గుడ్డ, ముద్ర మీద కొంచెం సుద్దపొడి రుద్దితే చాలు, అక్షరాలు వాటంతటవే బయటపడతాయి.

ఆ బాడిస పిడికి ఒక పక్క బొటనవేలు ఆనేచోట గుంట పడింది. అబ్బాయి వేలు పెట్టి చూశాడు, సరిగ్గా పట్టింది. పిడి మార్చకుండా పదును మాత్రం పెట్టి ఇచ్చా.