టెక్సాస్ స్కూళ్ల గ్రేడ్లు: అపోహలు - వాస్తవాలు

డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ఐర్వింగ్, కొప్పెల్ వైపు ఇల్లు చూసుకునే మనవాళ్లు బెడ్‌రూమ్‌ల కంటే ముందు స్కూల్ రేటింగ్, అంటే రాష్ట్రం ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ దాకా ఇచ్చే గ్రేడు, అడుగుతారు. పబ్లిక్ స్కూల్ టీచర్‌గా ఆ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. దానితోపాటు ఈ అపోహలూ వస్తుంటాయి.

అపోహ: స్కూలుకు ఎఫ్ వస్తే గుర్తింపు పోయినట్టే.

కాదు. గ్రేడు వేరు, గుర్తింపు వేరు. చట్టం ప్రకారం గుర్తింపు ఒక్కో స్కూలుకు కాదు, మొత్తం స్కూల్ డిస్ట్రిక్ట్‌కు (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థకు) ఉంటుంది. చదువుల గ్రేడుతోపాటు డబ్బు లెక్కల రేటింగ్ కూడా చూసి టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ దాన్ని నిర్ణయిస్తుంది. హెచ్చరిక, ప్రొబేషన్, చివరికి రద్దు. రద్దయ్యేది చాలా అరుదు. నార్త్ ఫారెస్ట్ డిస్ట్రిక్ట్ అలా 2013లో మూతపడి హ్యూస్టన్ డిస్ట్రిక్ట్‌లో కలిసింది.

అలాగని ఎఫ్‌ను తేలిగ్గా తీసుకోకండి. 2015 నాటి హౌస్ బిల్ 1842 ప్రకారం ఒక్క స్కూలు వరసగా 5 ఏళ్లు ఫెయిలైనా ఆ స్కూలును మూసెయ్యాలి, లేదా ఎన్నికైన బోర్డును పక్కనపెట్టి రాష్ట్రమే తన మనుషుల్ని నియమించాలి. అలా వరసగా ఫెయిలైన వీట్లీ హైస్కూల్ కారణంగా 2023లో హ్యూస్టన్ డిస్ట్రిక్ట్ మొత్తం రాష్ట్రం చేతికి వెళ్లింది.

అపోహ: గ్రేడు తగ్గిందంటే చదువు తగ్గినట్టే.

కొలత మారినా గ్రేడు మారుతుంది. కాలేజీకో, ఉద్యోగానికో, మిలిటరీకో సిద్ధమైన పిల్లల శాతం హైస్కూల్ గ్రేడులో ఒక ముఖ్య భాగం. అందులో ‘ఎ’ రావడానికి ఒకప్పుడు 60 శాతం చాలేది. 2023 రేటింగుల నుంచి 88 కావాలి. ఈ శాతం ముందు ఏడాది పాసైనవాళ్లది. అంటే స్కూలు వదిలి వెళ్లిపోయిన పిల్లలను కొత్త గీతతో కొలిచారు. గీత పెంచడం మంచిదే, కానీ ఇలా వెనక్కి వెళ్లి కొలవడం అన్యాయమని నా అభిప్రాయం. డిస్ట్రిక్టులు కోర్టుకెళ్లాయి. 2023 గ్రేడ్లు 2025 ఏప్రిల్‌లో గానీ బయటకు రాలేదు. అందుకే 2022 గ్రేడునూ 2023 గ్రేడునూ పక్కపక్కన పెట్టి టెన్షన్ పడొద్దు.

అపోహ: రెండు ‘ఎ’ స్కూళ్లూ ఒకటే.

2017 చట్టం మూడు విషయాలు చూడమంది: మార్కులు, పిల్లల ఎదుగుదల, వర్గాల మధ్య తేడాలు తగ్గడం. మొదటి రెండింటిలో ఏది మెరుగైతే దానికి 70 శాతం, మూడోదానికి 30. కాబట్టి ఒక ‘ఎ’ మార్కుల వల్ల, ఇంకోటి ఎదుగుదల వల్ల రావచ్చు. ఏజెన్సీ సైట్‌లో ఈ విడి స్కోర్లు ఉంటాయి, అవి చూడండి. ఇళ్ల సైట్లలో కనిపించే 1 నుంచి 10 అంకె గ్రేట్‌స్కూల్స్ అనే ప్రైవేటు సంస్థది, రాష్ట్రానిది కాదు.

అపోహ: ఇంటి భాష ఫారంలో ‘తెలుగు’ అని రాస్తే స్కూలు రేటింగ్ దెబ్బతింటుంది, పిల్లాడు వెనకబడతాడు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ ఫారంలో ఇంగ్లిష్ అని రాసేవాళ్లున్నారు. నిజం రాస్తే జరిగేది ఇంగ్లిష్ పరీక్ష ఒకటే. బాగా వస్తే అక్కడితో అయిపోతుంది. రాకపోతే బిడ్డకు హక్కుగా సాయం దొరుకుతుంది. ఇంగ్లిష్ ఎంత వచ్చిందో ఏటా చూసే టెల్పాస్ పరీక్షలో ఆ బిడ్డ ముందుకు వెళితే స్కూలు గ్రేడుకూ అది కలిసొస్తుంది. ఆ సాయం వద్దనుకుంటే లిఖితంగా చెప్పొచ్చు. కానీ ఇంగ్లిష్ వచ్చిందని తేలేదాకా టెల్పాస్ మాత్రం రాయాల్సిందే.