తొలి అడుగుల వేళ మన చేతులు ఎక్కడ ఉండాలి?

బిడ్డ రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని ఇల్లంతా నడిపించడం పెద్దవాళ్లకు మహా సరదా. బిడ్డకూ సరదాయే. కాకపోతే అందులో కష్టమైన పని బిడ్డ చేయడం లేదు. కాళ్లు కదుపుతోంది గానీ, ఒళ్లు ఒరిగిపోకుండా ఆపుతున్నవి మన చేతులే. నడకలో అసలు చిక్కంతా అక్కడే ఉంది.

కాళ్లు ఆడించడం పుట్టుకతోనే వస్తుంది. రోజుల పసికందును నిలువుగా పట్టుకుని పాదాలు నేలకు ఆనిస్తే అడుగులు వేస్తున్నట్టే కదుపుతుంది. రెండో నెల ప్రాంతంలో అది కనబడకుండా పోతుంది. మెదడు ఎదుగుతూ దాన్ని అణచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1984లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎస్థర్ థెలెన్ బృందం నెల పిల్లల కాళ్లకు చిన్న బరువులు తగిలించి చూస్తే అడుగులు తగ్గాయి, నీళ్లలో దించి చూస్తే పెరిగాయి. అంటే బొద్దుగా పెరుగుతున్న కాళ్ల బరువును ఎత్తే సత్తువ చాలకపోవడమే కారణమన్నమాట.

ఏడాది నాటికి సత్తువ వస్తుంది. ఇక మిగిలింది ఒక కాలు గాల్లో ఉన్న క్షణంలో ఒంటికాలి మీద ఒళ్లంతా నిలపడం. అందుకే కొత్తగా నడిచే పిల్లలు పాదాలు ఎడంగా పెట్టి, చేతులు పైకెత్తి, పొట్టి పొట్టి అడుగులు వేస్తారు. ఆ నిలకడ పడుతూ లేస్తూ రావలసిందే. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుండగా లెక్కపెట్టి 2012లో ప్రచురించింది: గంటకు సగటున 2,368 అడుగులు, 17 సార్లు పడటం. ఇంత సాధన ఏ పెద్దవాళ్లూ దగ్గరుండి చేయించలేరు. దానికి చోటు ఇవ్వడం మాత్రం మన చేతిలో పని.

ఇంట్లో ఉన్నంతసేపూ చెప్పులు, సాక్సులు వద్దు. వట్టి పాదానికి నేల పట్టు దొరుకుతుంది, వేళ్లు నేలను ఒడిసిపట్టడం కనిపిస్తుంది కూడా. సోఫా పట్టుకుని నడిచే బిడ్డకు కాస్త ఎడంగా ఒక బరువైన, కదలని కుర్చీ వేయండి. ఒక చెయ్యి సోఫా మీద, రెండోది కుర్చీకి అందీ అందనట్టు... ఆ జానెడు ఖాళీలోనే చాలామంది తొలిసారి చేతులు వదిలేస్తారు. ఎదురుగా కూర్చుని పిలిస్తే, బిడ్డ వస్తుంటే వెనక్కి జరగకండి. చేరుకున్నానన్న ఆనందం దానికి దక్కాలి. పడినప్పుడు ముందు మన ముఖమే చూస్తుంది, అక్కడ కంగారు కనిపిస్తే ఏడుపు అందుకుంటుంది.

చక్రాల వాకర్ మాత్రం కొనకండి. అది నిలకడ నేర్పదు, మెట్ల మీంచి దొర్లిన ప్రమాదాలు బోలెడు. కెనడా 2004లోనే నిషేధించింది.

పక్కింటి పాపతో పోలిక మానేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ సహా ఐదు దేశాల్లో చేసిన అధ్యయనంలో, సొంతంగా నడవడం దాదాపు అందరిలో 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలైంది. కొందరు చేతులు, మోకాళ్ల మీద పాకనే లేదు. 18 నెలలు నిండినా నడవకపోయినా, ఒక పక్క చెయ్యీ కాలూ మాత్రమే వాడుతున్నా, అంతకుముందు నేర్చుకున్నవి చేయలేకపోతున్నా డాక్టరుకు చూపించాలి.

నడక వచ్చిన కొత్తలో ఇంకో జాగ్రత్త కావాలి. పాకేటప్పుడు ఏటవాలు చూసి ఆగిన పిల్లలే, నడక రాగానే అదే వాలు మీదికి జంకకుండా అడుగేయడం అడాల్ఫ్ ప్రయోగాల్లో కనిపించింది. పాకుతూ నేర్చుకున్న హద్దులు నిలబడ్డ ఒంటికి పనికిరావు, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. కాబట్టి మెట్ల దగ్గర అడ్డు తొలి అడుగు పడకముందే పెట్టేయండి.