విసిరే గొడ్డలికి ఏ ఉక్కు?

టొమహాక్ అనే ఈ విసిరే చిన్న గొడ్డలి మీద పడే దెబ్బలన్నీ అంచు మీదే పడవు. గిరగిరా తిరుగుతూ వెళ్ళి ఒకసారి దిమ్మలో దిగుతుంది, ఇంకోసారి వీపు తగిలి ఎగిరి పడుతుంది, లేదా ముందే దిగి ఉన్న మరో గొడ్డలికి ఠంగున గుద్దుకుంటుంది. అందుకే దీన్ని ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్ళు "అన్నిటికన్నా గట్టి ఉక్కు ఏది?" అని వెతకడం మొదలుపెడితే దారి తప్పినట్టే. కూరగాయల కత్తికి గట్టిదనం కావాలి. ఈ చిన్న గొడ్డలికి ముందు కావలసింది దెబ్బకు ఓర్చుకునే గుణం. చిక్కేమిటంటే, ఒకే ఉక్కులో మొదటిది పెంచితే రెండోది తగ్గుతుంది.

ఇదంతా కార్బన్ చేసే పని. ఉక్కును ఎర్రగా కాల్చి చటుక్కున చల్లారిస్తే, కార్బన్ పరమాణువులకు బయటికి జరిగే వ్యవధి దొరకదు. ఇనుప స్ఫటికాల్లోనే ఇరుక్కుపోయి వాటిని సాగదీసి బిగిస్తాయి. జర్మన్ లోహ శాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీద ఈ స్థితిని మార్టెన్‌సైట్ అంటారు. కార్బన్ మరీ తక్కువైతే ఈ బిగింపు చాలదు, అంచు మొద్దుబారుతుంది. మరీ ఎక్కువైతే పెళుసుబారి, తప్పు దెబ్బకు అంచు పెచ్చులూడుతుంది. టొమహాక్‌కు 0.5 నుంచి 0.6 శాతం దాకా చాలు. అమెరికన్ పద్ధతిలో 1045, 1060, 1095 లాంటి సాదా కార్బన్ ఉక్కులకు చివరి రెండంకెలే కార్బన్ లెక్క: 1060 అంటే 0.60 శాతం. కత్తులు చేసేవాళ్ళకు ప్రియమైన 1095 నా లెక్కలో ఇక్కడ పనికిరాదు.

పాత సామానుతో మొదలుపెట్టేవాళ్ళను బాగా ఊరించేది రైలు పట్టాల మేకు. అమెరికాలో కొన్ని మేకుల తల మీద 'హెచ్.సి.' అని ఉంటుంది. హై కార్బన్ అని చదివి సంబరపడతారు. అది రైలు మేకుల్లో హై, అంతే. ఉండేది సుమారు 0.3 శాతం. గోడకు తగిలించుకోవడానికి అందమైన బొమ్మ గొడ్డలి వస్తుంది గానీ పదును నిలవదు. దానికన్నా గుండు సుత్తి తల నయం. కార్బన్ సరిపడా ఉంటుంది, కామ దూర్చే రంధ్రం ముందే ఉంటుంది. కొత్తవాళ్ళను ఏడిపించేది ఆ రంధ్రం పనే.

ఈ తూకం పాత కమ్మరులకూ తెలుసు. టొమహాక్ ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు ఆదివాసులది. మొదట్లో రాతి తలలు ఉండేవి. ఐరోపా వర్తకులతో ఇనుప తలలు వచ్చాయి. ఉక్కు ఖరీదైన రోజులవి. మెత్తని ఇనుప పట్టీని ఒక కడ్డీ చుట్టూ మడిచి, రెండు కొసల మధ్య సన్నటి ఉక్కు ముక్క పెట్టి, కొలిమిలో కాల్చి అతికేవారు. అంచుకు ఉక్కు, ఒంటికి ఇనుము. ఖర్చు తగ్గించుకోవడానికి చేసినా, దెబ్బ తినాల్సిన చోట మెత్తన, కొయ్యాల్సిన చోట గట్టిదనం చక్కగా కుదిరాయి.

అన్నీ అలా ఉండేవి కావు. 1804-05 చలికాలంలో, అమెరికా పడమటి ప్రాంతాన్ని అన్వేషించడానికి బయలుదేరి మిస్సోరీ నది ఒడ్డున ఫోర్ట్ మాండన్‌లో దిగిన లూయిస్, క్లార్క్ బృందంలో జాన్ షీల్డ్స్ అనే కమ్మరి ఉన్నాడు. అక్కడి ఆదివాసులు కోరిన యుద్ధ గొడ్డళ్ళు కొట్టిచ్చి బృందం మొక్కజొన్నలు తీసుకునేది. లూయిస్‌కు ఆ గొడ్డలి నచ్చలేదు. 1805 ఫిబ్రవరిలో డైరీలో దాని కొలతలు కూడా రాసుకున్నాడు: ఉత్త ఇనుముతో చేసిన బాగా పలచని రేకు, పొడవు 7 నుంచి 9 అంగుళాలు, కామ 14 అంగుళాలు మించడం అరుదు. అంత పొడవు రేకుకు అంత పొట్టి కామ అయితే దెబ్బ గురి కుదరదు, బలమూ ఉండదన్నది ఆయన ఫిర్యాదు. నచ్చకపోయినా తిండి గింజలు వచ్చింది దానివల్లే మరి.

ఇప్పుడు కొనుక్కునే ఉక్కుల్లో నా ఓటు 5160కి. కార్బన్ సుమారు 0.6 శాతం, కొద్దిగా క్రోమియం. లారీ కమాన్ కట్టల కోసం పుట్టిన ఉక్కు కాబట్టి కుదుపులు తినడం దాని వృత్తి. మన దగ్గర స్ప్రింగు పట్టీలకు ఈఎన్ 45 వాడతారు. క్రోమియం బదులు సిలికాన్ ఎక్కువ, పనితనం దాదాపు అదే. పల్లెల్లో కమ్మరులు పాత కమాన్ పట్టీలతో కత్తులు, గొడ్డళ్ళు కొట్టడం తెలిసిందే. ఒక్క జాగ్రత్త: ఏళ్ళ తరబడి వంగి లేచిన పట్టీలో కంటికి ఆనని పగుళ్ళు ఉండొచ్చు. అవి చల్లార్చేటప్పుడు నోరు తెరుస్తాయి. ఎస్7 లాంటి టూల్ స్టీల్స్ (పనిముట్ల కోసం చేసే ఉక్కులు) ఇంకా మొండివే గానీ వాటికి 900 డిగ్రీలు దాటిన వేడిని కచ్చితంగా పట్టి ఉంచాలి, ఇంటి కొలిమికి అది టెన్షన్ పని.

5160ని అయస్కాంతం అంటుకోని స్థితి దాటి, ఇంకాస్త ఎర్రబడేదాకా కాల్చి, వేడి చేసిన నూనెలో ముంచాలి. నీళ్ళలో ముంచితే పగలొచ్చు. అంచును మాత్రమే ముంచి, కామ రంధ్రం చుట్టూ మెత్తగా వదిలేయడం మేలు. తర్వాత ఓవెన్‌లో 200 డిగ్రీల పైన రెండేసి గంటలు రెండుసార్లు కాచి పెళుసుదనం తగ్గించాలి.

గొడ్డలిని కాల్చే ముందు అదే పట్టీ నుంచి వేలెడు ముక్క కోసి, ఇలాగే నూనెలో ముంచి, కళ్ళద్దాలు పెట్టుకుని వైస్‌లో బిగించి విరగ్గొట్టి చూడండి. విరిగిన చోట సన్నటి బూడిదరంగు నునుపు కనిపిస్తే వేడి సరిపోయింది. పంచదార పలుకుల్లా మెరిస్తే ఎక్కువ కాలింది, స్ఫటికాలు పెరిగిపోయాయి. అసలు విరక్కుండా వంగిపోతే వేడి చాలలేదు, లేదా మీ చేతిలో ఉన్నది స్ప్రింగు ఉక్కే కాదు.