సర్కారు బడిలో ప్రైవేటు ఆటిజం థెరపిస్టు: అపోహలు - వాస్తవాలు

అపోహ: థెరపీ పూర్తయ్యాకే బడికి పంపాలి.

వాస్తవం: 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. పలాస నుంచి విశాఖలోని థెరపీ సెంటరుకు వెళ్లొస్తే పిల్లవాడికి బడి, తల్లికి కూలి రెండూ పోతాయి. థెరపిస్టే బడికి రావడం మేలంటాం, షరతులతో.

అపోహ: విడి గదిలో గంట కూర్చోబెడితేనే థెరపీ.

వాస్తవం: ఈ పిల్లలు ఒకరి దగ్గర, ఒకచోట నేర్చింది ఇంకోచోట వాడలేకపోవడం మామూలే. అందుకే భోజనాల వరండాలోనే నేర్పాలి. చిక్కీ ఇష్టపడే పిల్లవాడికి అడగడం నేర్పుతున్నారనుకోండి. అరచేతిలో పట్టే కార్డు మీద చిక్కీ ఫొటో అంటించండి. ఆ కార్డు తీసి ఎదుటి మనిషి చేతిలో పెట్టడమే అడగడం. చిక్కీ పట్టుకున్న మనిషి ఎదురుగా, సాయం చేసే మనిషి వెనకాల ఉండాలి. "ఏం కావాలి?" అని అడగొద్దు, అడిగితేనే కార్డు ఇవ్వడం అలవాటైపోతుంది. ఐదు సెకన్లు ఆగండి. కదలకపోతే వెనకున్నవాళ్లు మాట్లాడకుండా అతని చేతిని కార్డు మీదికి నడిపించి, ఎదుటి మనిషికి ఇప్పించాలి. కార్డు అందగానే "చిక్కీ" అని చిన్న ముక్క ఇవ్వాలి. మొత్తం ఇచ్చేస్తే మళ్లీ అడిగే పనే ఉండదు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలకు ఇంటి మాటే వాడాలి.

చేతి సాయాన్ని మణికట్టుకు, తర్వాత మోచేతికి, ఆ తర్వాత ఊరికే తాకడానికి తగ్గించుకుంటూ రావాలి. ఎక్కువ చోట్ల చెడేది ఇక్కడే. సాయం తగ్గించరు, క్లాసు టీచరు చేతికి అప్పగించరు. థెరపిస్టు రాని రోజు కార్డు సంచిలోంచి బయటికే రాదు.

అపోహ: ప్రైవేటు థెరపిస్టులొస్తే భవిత కేంద్రం (వైకల్యమున్న పిల్లల కోసం మండలంలో ఉండే సర్కారు కేంద్రం) టీచర్లకు పని పోతుంది.

వాస్తవం: మండలమంతా చూసుకోవాల్సిన వాళ్లకు ఇది తోడే. కాకపోతే ఇద్దరి ప్రణాళికా ఒకటే కావాలి. ఒకరు కార్డుతో, ఇంకొకరు సైగతో నేర్పితే పిల్లవాడికి రెండూ రావు.

అపోహ: హెడ్మాస్టరు సరేనంటే చాలు.

వాస్తవం: చాలదు. విద్యాశాఖ అనుమతి, తల్లిదండ్రుల సంతకం కాగితం మీద ఉండాలి. లక్ష్యాలు మూడు దాటకూడదు. గదిలో నేర్పాల్సి వస్తే తలుపు తీసే ఉండాలి. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ అయితే పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ నంబరు, దాని గడువు చూడండి. ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేవాళ్లు) ఆ మండలి కిందికి రారు, వాళ్ల డిగ్రీ చూడాలి. వారం రోజుల కోర్సు సర్టిఫికెట్‌తో వచ్చినవాళ్లను పిల్లల దగ్గరికి రానివ్వొద్దు. "ఆరు నెలల్లో నయం చేస్తాం" అనేవాళ్లనూ అంతే. ఆటిజం జబ్బు కాదు.

అపోహ: ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లలకే ఇది.

వాస్తవం: కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, అందులో థెరపీకీ కొంత వాటా ఉంది. ముందు చేతి డబ్బు పెట్టుకోవాలి, బిల్లులు పంపాక తిరిగొస్తుంది. కాబట్టి ప్రతి సెషన్‌కీ తేదీ, పిల్లవాడి పేరు, థెరపిస్టు సంతకం ఉన్న రసీదు అదే రోజు అడిగి తీసుకోండి.