గేమ్ మాస్టర్ స్క్రీన్ వెనక శకుని ఉంటాడా? అపోహలు, వాస్తవాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఆటగాళ్లు తలా ఒక పాత్ర (క్యారెక్టర్) తీసుకుని, డైస్ వేస్తూ కథలో ముందుకెళ్లే ఆట. కథ చెబుతూ ఆట నడిపేవాడు గేమ్ మాస్టర్. ఆ పని నేను చేస్తుంటాను కాబట్టి, గేమ్ మాస్టర్ మోసం చేస్తున్నాడేమో, కక్ష కట్టాడేమో అన్న అనుమానాలు నాకు బాగా అలవాటు. వాటికి కారణం ఆటలోనే ఉంది. రాక్షసుల తరఫున ఆడేదీ గేమ్ మాస్టరే, తీర్పు చెప్పేదీ గేమ్ మాస్టరే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి పుస్తకాల్లో ఈ మనిషిని రిఫరీ అన్నారు. యుద్ధక్రీడల నుంచి వచ్చిన అలవాటు అది. ఒకే మనిషికి రెండు పనులు అప్పజెప్పాక ఎదుటివాళ్లకి డౌట్ రాకుండా ఉంటుందా? కాకపోతే అది చాలాసార్లు రావలసిన చోట రాదు.

అపోహ: స్క్రీన్ అడ్డం పెట్టుకుని డైస్ వేస్తున్నాడంటే మోసమే.

"అన్నా, అవి శకుని పాచికలు కావు కదా?" అని నవ్వుతూనే అడుగుతారు. స్క్రీన్ అంటే గేమ్ మాస్టర్ తన ముందు నిలబెట్టుకునే అట్ట. అది ఉన్నది ముఖ్యంగా మ్యాపులు, నోట్స్ కనపడకుండా ఉండటానికి. కొన్ని రోల్స్, అంటే డైస్ వేయడాలు, దాచడానికీ సరైన కారణమే ఉంది. తలుపు వెనక ఎవరైనా నక్కారేమోనని మీ క్యారెక్టర్ చెవి ఒగ్గింది, డైస్ మీద 2 పడింది (పెద్ద అంకె పడితేనే నెగ్గినట్టు). అది మీ కంట పడితే "ఏమీ వినపడలేదు" అన్న నా మాట నమ్ముతారా?

అసలు గొడవ ఫడ్జింగ్‌తో, అంటే పడిన అంకెను మార్చి చెప్పడంతో. గేమ్ మాస్టర్ల కోసం రాసిన 2014 నాటి పుస్తకం డంజన్ మాస్టర్స్ గైడ్ దీన్ని ఒప్పుకుంటుంది. వరసగా రెండు క్రిటికల్స్ (డైస్ మీద 20 పడితే తగిలే పెద్ద దెబ్బలు) పడి క్యారెక్టర్ చనిపోయేలా ఉంటే రెండోదాన్ని మామూలు దెబ్బ చేయొచ్చు, తరచుగా వద్దు, చేసినట్టు బయటపడనివ్వొద్దు అంటుంది. నా పేచీ ఆ చివరి మాటతోనే. ఆటగాళ్లు అంత అమాయకులు కారు. ఎవరి హిట్ పాయింట్లు (ఇంకా ఎన్ని దెబ్బలు ఓర్చుకోగలరో చెప్పే లెక్క) అడుగంటినా సరిగ్గా అప్పుడే గోబ్లిన్‌ల (చిన్న రాక్షసుల) గురి తప్పుతుంటే త్వరలోనే పసిగడతారు. ఆ తర్వాత భయం పోతుంది. వెనక్కి తగ్గుదామని ఎవరూ అనరు. ఇలాంటి సమయం కోసమే షీల్డ్ మంత్రం వాడకుండా దాచుకున్న అమ్మాయికీ, వెనకాముందూ చూడకుండా దూకిన అబ్బాయికీ ఒకటే ఫలితం దక్కుతుంది. అతని మీద జాలి చూపిస్తే ఆమెకు అన్యాయం జరిగింది.

మార్చాలనిపిస్తే నేను డైస్ వేయకముందే మారుస్తాను. గోబ్లిన్‌లు చంపడం మాని బందీలుగా పట్టుకుంటాయి, లేదా తమవాళ్లు సగం పడ్డాక పారిపోతాయి. డైస్ పడ్డాక మాత్రం ఎంతంటే అంతే. పోరాటాల్లో నా రోల్స్ అందరి ముందే.

అపోహ: క్రిటికల్స్ అన్నీ నాకే తగులుతున్నాయి, కక్ష కట్టాడు.

ఇరవై ముఖాల డైస్ మీద 20 పడే అవకాశం 5 శాతం. నాలుగు గోబ్లిన్‌లు మూడు రౌండ్లు కొడితే 12 రోల్స్. వాటిలో కనీసం ఒక్క 20 పడే అవకాశం 46 శాతం దాకా ఉంటుంది. మొదటి లెవెల్ విజార్డ్‌కి (మాంత్రికుడికి) ఉండేవి ఏ 7, 8 హిట్ పాయింట్లో. 2014 రూల్స్ ప్రకారం గోబ్లిన్ కత్తి క్రిటికల్ సగటున 9 పాయింట్లు తీసేస్తుంది. ఇక కక్షతో పనేముంది? పడిపోవడమంటే చావడం కాదనీ, డెత్ సేవింగ్ త్రోలు (చావు తప్పించుకోవడానికి వేసే డైస్) ఉంటాయనీ కొత్తవాళ్లకి ముందే చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది.

అపోహ: అందరి ముందు డైస్ వేస్తే న్యాయం జరిగినట్టే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. "గోడ దూకుతా" అంటాడు ఆటగాడు. రోల్ తప్పుతుంది. "అవతల అగాధం, పోయావు" అంటే? అగాధం ఉందని తెలిస్తే దూకేవాడే కాదు. క్యారెక్టర్‌కి కళ్లున్నాయి, ఆటగాడికి మనం చెప్పిందే ఆధారం. ఇలాంటిదే మరో ఆట, 2010 నాటి అపోకలిప్స్ వరల్డ్‌లో గేమ్ మాస్టర్ అసలు డైసే ముట్టుకోడు, అయినా ఇలాంటి అన్యాయం అక్కడా చేయొచ్చు. జాన్ హార్పర్ తన ఆట బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో దీనికి ఏకంగా నియమమే పెట్టాడు. పరిస్థితి అదుపులో ఉందా, రిస్కా, ప్రాణాల మీదికొచ్చిందా అన్నది రోల్‌కి ముందే తేలాలి, అది విని ఆటగాడు మనసు మార్చుకోవచ్చు. నేను ఆ అలవాటును మా టేబుల్‌కి తెచ్చుకున్నాను. "15 రావాలి. తప్పితే కాలు విరగదు గానీ కాపలావాడు లేస్తాడు. దూకుతావా?" ఇలా అడిగాక వాదనలు చాలా తగ్గాయి.

అపోహ: పుస్తకంలో రూల్ ఉంటే వాదన ఉండదు.

ఉంటుంది, బోలెడంత. ఆట ఆపి పేజీలు తిరగేయకుండా, సందేహం ఉన్నప్పుడు ఆటగాడి పక్షాన తేల్చేయండి. తర్వాత చూసుకుని, వచ్చేసారి నుంచి ఎలాగో అందరికీ చెప్పండి.

అపోహ: మనవాళ్లే కదా, సెషన్ జీరో, ఎక్స్ కార్డ్ ఎందుకు?

సెషన్ జీరో అంటే ఆట మొదలెట్టకముందు ఏం కావాలో, ఏం వద్దో మాట్లాడుకునే రోజు. ఎక్స్ కార్డ్ అంటే ఇబ్బంది అనిపిస్తే ముట్టుకోవడానికి టేబుల్ మీద పెట్టే కార్డు. మొహమాటం మనవాళ్ల దగ్గరే ఎక్కువ. ఎల్ఫ్, ఆర్క్ అంటూ ఆటలోని జాతుల మీద మొదలైన జోకులు కులం మీదికి వెళ్లినప్పుడు స్నేహితుల మధ్య నోరు విప్పడం అందరివల్లా కాదు. కార్డు ముట్టుకుంటే చాలు, కారణం అడగకుండా ఆ సీన్ వదిలేసి ముందుకెళ్తాం.

అపోహ: నమ్మకం గేమ్ మాస్టర్ ఒక్కడి బాధ్యత.

హైదరాబాద్ నుంచి ఇద్దరు, డాలస్ నుంచి ఇద్దరు ఆన్‌లైన్‌లో కూర్చున్నప్పుడు, కెమెరాకి కనపడని చోట డైస్ వేసి "అన్నా, మళ్లీ 19" అనేవాడు ఒకడు తగులుతాడు. నిలదీస్తే ఆ రోజు ఆట చెడుతుంది. అందుకే "ఇకనుంచి అందరం రోల్20లోనే వేద్దాం" అని (అది డైస్ అందరికీ కనపడేలా వేసే వెబ్‌సైట్) మొదటి రోల్ నేనే వేస్తాను.